టీ ఒలికిన ల్యాప్‌టాప్ ఆరాక కూడా ఆన్ కావట్లేదా?

ఇప్పుడు పాడు చేస్తున్నది టీలోని పాలూ చక్కెరా అయ్యుంటాయి. ఈ ప్రశ్న అడిగినవారు, వంటింట్లో ఆఫీసు కాల్ వింటూ పోపు వేస్తుంటే చెయ్యి తగిలి కప్పు ఒలికిందన్నారు, ఫ్యాన్ కింద ఆరబెడితే ఒక్క రోజు పనిచేసి ఆగిపోయిందన్నారు. నీళ్లు ఆవిరయ్యాయి గానీ జిగురు లోపలి సర్క్యూట్ బోర్డు మీదే ఉండిపోయింది.

1. ఛార్జర్ తీసేయండి. వస్తుందేమోనని పవర్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కకండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: లోపలి బ్యాటరీ కనెక్షన్ తీయడం. ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా బోర్డులో కొన్నిచోట్లకు కరెంటు వెళ్తూనే ఉంటుంది. దానికి తేమ తోడైతే లోహం తుప్పు పట్టిపోతుంది. వెనక స్క్రూలు విప్పి, బ్యాటరీ కనెక్టర్‌ని ప్లాస్టిక్ ముక్కతో మెల్లగా వదులు చేయండి. వైర్లు పట్టి లాగొద్దు. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే ఆపేసి సర్వీసు షాపుకి తీసుకెళ్లండి.

3. గోధుమరంగు మరకలు, కనెక్టర్ల దగ్గర పచ్చటి పొడి ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో (ఎలక్ట్రానిక్ భాగాలు శుభ్రం చేసే ద్రవం) ముంచిన మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దండి. స్టవ్‌కి దూరంగా, కిటికీలు తెరిచి చేయండి. ఆ ఆల్కహాల్‌కి ఇట్టే నిప్పంటుకుంటుంది.

4. ఒక రోజంతా ఆరనిచ్చి, బ్యాటరీ కలిపి ఆన్ చేయండి.

బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి. అది జిగురుని తీయదు, పైగా తవుడు పోర్టుల్లో చేరుతుంది.

ఫైళ్లు పోయాయని అప్పుడే టెన్షన్ పడకండి. ఎస్ఎస్‌డీ (ఫైళ్లు ఉండే డ్రైవ్) విడిగా ఊడొచ్చే మోడల్ అయితే, దాన్ని యూఎస్‌బీతో కలిపే కేసులో పెట్టి ఇంకో కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవచ్చు.