బాంబుల చదువు కాదు, వెలుగు చదువు

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం. పేలుడు పదార్థాల ఆనవాళ్లను ఫ్లోరసెన్స్‌తో పట్టే పరిశోధన చేస్తానంటోంది. ప్రమాదం కాదా? ఉద్యోగాలుంటాయా?
– ఒక తండ్రి, బ్రాడీపేట

జవాబు: అయ్యా, ఆ ల్యాబుల్లో వాడేది మిల్లీగ్రాముల్లో, అదీ ఎక్కువగా ద్రావణంగా. పేలే గుణమున్న పిక్రిక్ ఆమ్లం ఎండితే ప్రమాదమే; అందుకే తడిపి ఉంచుతారు. ఆ జాగ్రత్తలు మొదటి రోజే నేర్పే చోట చేరితే చాలు.

అసలు పనంతా వెలుగుతోనే. ఫ్లోరసెన్స్ అంటే ఒక కాంతి పడినప్పుడు పదార్థం తానూ మరో రంగులో మెరవడం. అతినీలలోహిత కాంతి పడితే మెరిసే పాలిమర్ పొర ఒకటి తయారుచేస్తారు. టీఎన్‌టీ లాంటి నైట్రో సమ్మేళనాలకు ఎలక్ట్రాన్ల ఆకలి ఎక్కువ. వాటి ఆవిరి తగలగానే పొరలోని ఉత్తేజిత ఎలక్ట్రాన్‌ను లాక్కుంటాయి, మెరుపు తగ్గుతుంది. ఎంఐటీలో టిమొతీ స్వేగర్ బృందం 1990ల్లో చేసిన పాలిమర్లలో ఉత్తేజం అణువుల గొలుసు పొడవునా పరుగెడుతుంది. అందుకే ఒక్క టీఎన్‌టీ అణువు ఆ గొలుసులోని ఎన్నో భాగాల వెలుగును ఆర్పగలదు. పేలుడు పదార్థాలను పసిగట్టే ‘ఫైడో’ అనే పరికరం దీని ఆధారంగానే వచ్చింది.

అమ్మాయి ఆసక్తి ఎంత గట్టిదో చూడాలంటే ఒక పని చేయించండి. క్వినైన్ కలిసిన టానిక్ వాటర్‌ను చీకటి గదిలో గ్లాసులో పోసి, నోట్లు పరీక్షించే యూవీ లైటు వేయమనండి. నీలంగా మెరుస్తుంది. ఉప్పు వేసి కలిపితే మెరుపు తగ్గుతుంది. క్లోరైడ్ అయాన్ల పని అది. లైటును మాత్రం కళ్లలోకి కొట్టకూడదు. ఎందుకు తగ్గిందో తానే పుస్తకాలు తిరగేస్తే మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

ఇక ఉద్యోగాలు. పేలుడు పదార్థాల గుర్తింపు ఒక్కదానికే అంటే కొలువులు కొద్ది. పుణెలో డీఆర్‌డీఓ వారి పేలుడు పదార్థాల పరిశోధనశాల హెచ్‌ఈఎంఆర్‌ఎల్ ఉంది, ఇంకా ఫోరెన్సిక్ ల్యాబులు ఉన్నాయి. కానీ ఆర్గానిక్ సింథసిస్ (కర్బన సమ్మేళనాల తయారీ), స్పెక్ట్రోస్కోపీ (కాంతితో పదార్థాలను పరీక్షించడం) చేతికొస్తే ఫార్మా, రోగనిర్ధారణ రంగాలూ పిలుస్తాయి. కాబట్టి ఎమ్మెస్సీలోనే పేలుడు పదార్థాలంటూ గిరి గీసుకోవద్దు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ ప్రవేశ పరీక్ష, ఆ తర్వాత పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్ నెట్ లేదా గేట్ పరీక్ష రాయాలి. మూడో ఏడాది మొదట్లోనే జామ్‌కు దరఖాస్తు చేయాలి; పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఇంకొంచెం నిక్కచ్చిగా ఉండాలి. పిక్రిక్ ఆమ్లాన్ని పట్టామంటూ పేపర్లు కుప్పలుతెప్పలుగా వస్తున్నాయి. పసుపు రంగు పిక్రిక్ ఆమ్లం తానే కాంతిని మింగేస్తే కూడా మెరుపు తగ్గినట్లే కనిపిస్తుంది. దాన్నే ఇన్నర్ ఫిల్టర్ ఎఫెక్ట్ అంటారు. ‘దాన్ని ఎలా సరిచేశారు? ఆవిరి మీద పరీక్షించారా?’ అని ఇంటర్వ్యూలో అడగమనండి. విసుక్కునే గైడ్ వద్దు.