రైతు భరోసాను నమ్ముకుని ట్రాక్టర్ కిస్తీ ఒప్పుకోకండి

ప్రశ్న: మాది హనుమకొండ జిల్లాలో ఒక పల్లె. ఐదెకరాలుంది. మూడెకరాల్లో వరి, రెండెకరాల్లో పత్తి వేస్తాం. భూమి మా ఆయన పేరు మీద ఉంది, ఆయనకు 47 ఏళ్లు. పాప ఇంటర్, బాబు తొమ్మిదో తరగతి. ఇంటి ఖర్చు నెలకు 14 వేలు. మంచి ఏడాదైతే పెట్టుబడి పోను రెండు లక్షల దాకా మిగులుతాయి. రైతు భరోసా 60 వేలు, పీఎం కిసాన్ 6 వేలు వస్తాయి. 2024 వానాకాలంలో మాత్రం రైతుబంధు గానీ, భరోసా గానీ పడలేదు. ఆ ఏడాదే మా పంట రుణం మాఫీ అయింది. మళ్లీ 2 లక్షలు తీసుకున్నాం. ఏడాది నిండటానికి ఇంకా నెలన్నర ఉంది. ఇంకోసారి మాఫీ వస్తుందని ఊళ్లో అంటుంటే రెన్యువల్ వద్దనుకున్నాం. ఇప్పుడు పాత ట్రాక్టర్ ఒకటి 5 లక్షలకు వస్తోంది. ఫైనాన్స్ వాళ్లు 3.5 లక్షలు ఇస్తామన్నారు. ఆరు నెలలకోసారి 78 వేల చొప్పున మూడేళ్లు కట్టాలి. మిగతా లక్షన్నర రెండు రూపాయల మిత్తికి తెద్దామనుకుంటున్నాం. ట్రాక్టర్ ఉంటే ఏడాదికి 35 వేల కిరాయి మిగులుతుంది. రైతు భరోసా డబ్బులు కిస్తీకి ఆసరా అవుతాయి కదా? బ్యాంకులో 25 వేలున్నాయి. వడ్ల డబ్బులు లక్షా 70 వేలు ఈ వారంలో పడాలి. రైతు బీమా ఉంది. నామినీ మా అత్తమ్మ, ఆమె రెండేళ్ల కింద చనిపోయారు.

సమాధానం: అమ్మా, ఈ ట్రాక్టర్ కొనకండి. నాకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటిలో ఇదే లెక్క కనిపిస్తోంది, అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను. ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని నెల జీతంలా అనుకుని, దాని మీద అప్పు చేస్తున్నారు. సాయం మంచిదే. కానీ అది ఏ తారీఖున పడుతుందో మీ చేతిలో లేదు. కిస్తీ తారీఖు మాత్రం మీ సంతకంతో ఖాయమైపోతుంది.

ముందు అంకెలు చూద్దాం. రెండు కిస్తీలు కలిపి ఏడాదికి లక్షా 56 వేలు. లక్షన్నర మీద రెండు రూపాయల మిత్తి అంటే నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు. మొత్తం లక్షా 92 వేలు కట్టాలి. మీ చేతికి వచ్చేది చూస్తే, మంచి ఏడాదిలో 2 లక్షలు, ప్రభుత్వం నుంచి 66 వేలు. ఇంటి ఖర్చు లక్షా 68 వేలు తీసేస్తే మిగిలేది 98 వేలు. కిరాయి మిగులు 35 వేలు కలిపినా ఇంకా 59 వేలు తక్కువ. ఇందులో డీజిల్ లేదు, రిపేర్లు లేవు, పాప కాలేజీ ఫీజు లేదు. మూడేళ్లు ఇలా కట్టాక కూడా మిత్తికి తెచ్చిన లక్షన్నర అసలు అలాగే ఉంటుంది. పైగా ఇది మంచి ఏడాది లెక్క. ఊళ్లో కిరాయికి తిప్పి సంపాదిస్తామనుకుంటారేమో. దుక్కుల వారంలో అందరికీ ఒకేసారి ట్రాక్టర్ కావాలి. ఆ వారంలో మీ పొలమూ దున్నాలి. మిగతా రోజుల్లో అడిగేవాళ్లుండరు.

ఇక సాయం సంగతి. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైనప్పుడు సీజన్‌కు ఎకరాకు 4 వేలు, అదీ చెక్కుల రూపంలో ఇచ్చారు. మరుసటి ఏడాది 5 వేలైంది. 2023 నవంబరులో ఎన్నికల మధ్య డబ్బు వేయడానికి ఎన్నికల సంఘం ముందు అనుమతిచ్చి, 27న వెనక్కి తీసుకుంది. 2024 వానాకాలంలో ఏం జరిగిందో మీరే రాశారు. 2025 జనవరి 26న రైతు భరోసా పేరుతో సీజన్‌కు 6 వేలు ప్రకటించి, మొదట మండలానికో ఊరికి, తర్వాత ఎకరం, రెండెకరాలు అంటూ విడతలుగా వేశారు. అదే ఏడాది జూన్‌లో వానాకాలం సాయం తొమ్మిది రోజుల్లో పూర్తి చేశారు. ఒకే పథకం, ఒకసారి తొమ్మిది రోజులు, ఇంకోసారి సీజన్ అంతా సున్నా. నేను ఏ ప్రభుత్వాన్నీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఖజానాకు దాని ఇబ్బందులు దానికుంటాయి. ఫైనాన్స్ వాళ్లు మాత్రం ఆ ఇబ్బందులు వినరు.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వాన ఓరుగల్లు చుట్టుపక్కల ఎలా కురిసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. చేతిరుమాలు విప్పి నా టేబుల్ మీద గుప్పెడు వడ్లు పోశారు. ఒక్కో గింజకు తెల్లటి మొలక, గోరంత పొడవు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. ఆమె కుప్ప తడిసి ముద్దయి, మొలకెత్తి పడి ఉంది. వాళ్ల ట్రాక్టర్ కిస్తీ తారీఖు నవంబరు ఐదు. ఇంట్లో ఉన్నది 4 వేలు. కిస్తీ కోసం మూడు రూపాయల మిత్తికి తెచ్చారు. తర్వాతి కిస్తీకి అదీ దొరకలేదు, బండిని తీసుకుపోయారు. కట్టిన డబ్బు పోయింది, మిత్తి అప్పు మిగిలింది. ఆ ఇంట్లో 80 వేలు విడిగా ఉండి ఉంటే ఆ బండి ఇవాళ వాళ్ల ఇంటి ముందే ఉండేది.

అందుకే ఎవరు ఏది అడిగినా నేను ముందు అత్యవసర నిధి గురించే మాట్లాడతాను. నెల జీతం వచ్చేవాళ్లకంటే రైతు ఇంటికి అది ఎక్కువ కావాలి. ఎందుకంటే మీకు డబ్బు ఏడాదికి రెండుసార్లే వస్తుంది, ఒక్కసారి తప్పితే ఆరు నెలలు ఖాళీ. పైగా తెలంగాణ 2020లో ప్రధానమంత్రి ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చింది. మళ్లీ చేరతామన్న ప్రకటనలు వచ్చాయి. మీ ఊరికి, మీ పంటకు బీమా వర్తిస్తుందో లేదో రైతు వేదికలో ఏఈఓను, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని, ప్రతి సీజన్ ముందే అడగండి. లేదంటే మీ పంటకు మీ ఇంట్లో దాచిన డబ్బే బీమా. ఆ బీమా ఇప్పుడు 25 వేలు, అంటే మీకు రెండు నెలల తిండి కూడా కాదు.

మీకు కావలసింది లక్షన్నర. ఆరు నెలల ఇంటి ఖర్చు 84 వేలు, పంట పోతే మళ్లీ విత్తనం, ఎరువు, కైకిళ్లకు మరో 66 వేలు. ఇంత డబ్బు ఎక్కడిదని మీరడుగుతారు. మాఫీ ఆశతో మీరు వదిలేయబోతున్న పంట రుణమే దీనికి దారి.

రెన్యువల్ చేయిస్తే 2 లక్షల మీద ఏడాదికి 7 శాతం, అంటే 14 వేలు. గడువులోపు కడితే 3 శాతం రాయితీ వెనక్కి జమవుతుంది కనుక మీ మీద పడేది 8 వేలే. అదే 2 లక్షలు బయట రెండు రూపాయల మిత్తికి తెస్తే 48 వేలు. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది, అలాగే వదిలేస్తే ఖాతా మొండి బాకీ లెక్కలోకి వెళ్తుంది, వచ్చే సీజన్‌కు కొత్త రుణం రాదు. అప్పుడు పెట్టుబడి కోసం మళ్లీ మిత్తి వ్యాపారి గడపే తొక్కాలి. మాఫీ వస్తుందన్న మాటకు ఇంత ఖరీదు కట్టకండి. 2024 మాఫీ 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 మధ్య రుణాలకే, అదీ కుటుంబానికి 2 లక్షల దాకానే వర్తించింది. 2 లక్షలు దాటిన వాళ్లు పై డబ్బు ముందు కట్టాల్సి వచ్చింది. మీ కొత్త రుణం ఆ తేదీల్లో లేదు. అంతకుముందు 2018 ఎన్నికలప్పుడు చెప్పిన లక్ష మాఫీ 2023 ఆగస్టు దాకా విడతలు విడతలుగా సాగింది. ఆ మధ్యలో ఎదురుచూసినవాళ్ల ఖాతాల్లో మిత్తి పెరుగుతూనే పోయింది. దయచేసి ఊళ్లో మాటలు విని బ్యాంకు గడువు దాటించకండి.

వడ్ల డబ్బు లక్షా 70 వేలు పడగానే, బ్యాంకులోని 25 వేలు కలిపి, తక్కువ పడే 20 వేలకు అన్నదమ్ముల దగ్గర నాలుగు రోజులు చేబదులు తీసుకుని, రుణం కట్టి రెన్యువల్ చేయించండి. మళ్లీ ఎన్ని రోజుల్లో ఇస్తారో మేనేజర్‌ను ముందే అడిగి, ఆ మాట పట్టుకునే డబ్బు కట్టండి. నా జవాబు మొత్తంలో అప్పు తెమ్మని చెప్పేది ఇదొక్కటే. కొత్తగా వచ్చిన 2 లక్షల్లోంచి చేబదులు తీర్చండి, మీ 25 వేలు తిరిగి పక్కన పెట్టండి. మిగిలింది వచ్చే సీజన్ పెట్టుబడికి, ఇంటికి.

అప్పుడు పెట్టుబడికి రైతు భరోసా డబ్బు మీద చేయి పడదు. అది పడిన రోజే, పంట రుణం లేని మరో బ్యాంకులోనో పోస్టాఫీసులోనో వేయండి. పీఎం కిసాన్ రెండు వేలూ అక్కడికే. 20 వేల చొప్పున చిన్న చిన్న డిపాజిట్లు చేయండి, ఒకటి తీసినా మిగతావి కదలవు. రెండేళ్లలో లక్షా 32 వేలు, మీ 25 వేలతో కలిపి లక్షా 57 వేలు. ఒక సీజన్ పడకపోతే ఆరు నెలలు ఆలస్యమవుతుంది, అంతే. ఆలస్యమైనందుకు మీ ఇంటి ముందుకు ఎవరూ వచ్చి నిలబడరు. ఆ డబ్బు పెళ్లికి కాదు, ఫోన్‌కు కాదు, చుట్టాలకు చేబదులు ఇవ్వడానికి అసలే కాదు. ఆసుపత్రి, పోయిన పంట, ఆగిన సాయం, ఈ మూడింటికే.

మిగతావి క్లుప్తంగా. పీఎం కిసాన్ ఈ-కేవైసీ పెండింగ్ ఉందేమో చూసుకోండి. యంత్రాల మీద సబ్సిడీ వచ్చినప్పుడు మండల వ్యవసాయ కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి, కానీ సబ్సిడీ ఉందని కొనకండి. ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా ఇద్దరూ తీసుకోండి. జీవన్ జ్యోతిలో కొత్తగా చేరడానికి 50 ఏళ్ల లోపే వీలు, మీ ఆయనకు మూడేళ్లే ఉంది. రైతు బీమా 5 లక్షలు ఆయనకే వర్తిస్తుంది, భూమి మీ పేరు మీద లేదు కనుక మీ ప్రాణానికి ఆ బీమా లేదు. అందుకైనా ఈ రెండూ మీకు అవసరం. ట్రాక్టర్ గురించి లక్షన్నర నిధి నిండాక, లక్షన్నర ముందు డబ్బు మిత్తి లేకుండా మీ దగ్గరే ఉన్నప్పుడు మళ్లీ ఆలోచించండి.

ఒక్క పని మాత్రం ఈ వారమే చేయండి. రైతు బీమా నామినీగా మీ అత్తమ్మ పేరు అలాగే ఉంచకండి. ఆయన ఆధార్, మీ ఆధార్, పట్టాదారు పాస్‌బుక్ జిరాక్స్, ఆమె మరణ ధ్రువపత్రం తీసుకుని ఇద్దరూ ఏఈఓ దగ్గరికి వెళ్లండి. నామినీగా మీ పేరు రాయించి, ఎక్కిందో లేదో ఏఈఓను ఫోన్‌లో చూపించమని అడగండి. ఈ బీమా ఏటా ఆగస్టు 14తో కొత్తగా మొదలవుతుంది. అప్పుడు ఇంకోసారి వెళ్లి పేరు చూసుకోండి.