మంచు విడిచాకే గుమ్మం దిగండి

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఈ చలికాలమంతా అమ్మ దగ్గరే ఉండాలని ఊరికి వచ్చావని తెలిసి ఎంతో సంతోషించాను. హైదరాబాదు చలి ఎరిగినవాడివి కనుక కోనసీమ చలి నీకు లెక్కలోకి రాదు. అయితే మన వైపు పెద్దవాళ్లను పడగొట్టేది ఒట్టి చలి కాదు, కార్తికం వెళ్లాక కాలవల మీదా చేల మీదా తెల్లవారుజామున కమ్ముకునే మంచు, ఆ మంచులో చిక్కుకున్న పొగ. రాత్రి నేల చల్లబడినప్పుడు దాన్ని అంటుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది, పైనున్న వెచ్చని గాలి దానికి మూతలా పనిచేస్తుంది. అందువల్ల సార్వా కోతల తరువాత తగలబెట్టిన గడ్డి పొగా, నూర్పిళ్ల దుమ్మూ, పొయ్యిల పొగా ఎండ తగిలేదాకా మన ముక్కుల ఎత్తులోనే తిరుగుతూ ఉంటాయి.

కాబట్టి కాలవగట్టు మీద అమ్మ నడకను ఐదు గంటల నుంచి ఎనిమిదికి మార్చు. ఏళ్లనాటి అలవాటని ఆవిడ వాదిస్తుంది; వాదించనీ, చెప్పులు మాత్రం దాచిపెట్టు. చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపోటు పెరుగుతుంది కనుక, దుప్పటి తీసిన వెంటనే వాకిట్లోకి పోకుండా కాసేపు మంచం మీద కూర్చొని, చెవులకు గుడ్డ కట్టుకొని లేవమను. ధనుర్మాసపు స్నానమైనా గోరువెచ్చని నీళ్లతోనే చేయాలి. వారానికి రెండుసార్లు బీపీ చూసి కాగితం మీద రాసిపెట్టి డాక్టరుకు చూపించు, మాత్రలు మాత్రం నీ అంతట నీవు పెంచవద్దు. ఫ్లూ టీకా గురించి కూడా అప్పుడే అడుగు. అది ఏటేటా వేయించుకోవలసినది.

చలికి దాహం తెలియదు. రాత్రి లేవవలసి వస్తుందని పెద్దవాళ్లు నీళ్లు మరింత తగ్గిస్తారు. డాక్టరు నీళ్లు తగ్గించమని చెప్పి ఉండకపోతే, పొద్దున్నే చెంబు నింపి పక్కన పెట్టి, మధ్యాహ్నానికి ఖాళీ అయిందో లేదో చూడు. సీసాలో కొబ్బరినూనె పేరుకుందంటే గది సుమారు 24 డిగ్రీల లోపుకు దిగిందన్నమాట. మా ఇంట్లో ఉష్ణమాపకం అదే. ఆ నూనెను స్నానమయ్యాక ఒళ్లు తడి ఆరకముందే రాయాలి. అమ్మకు మధుమేహం ఉంది కనుక మడమల పగుళ్లను రోజూ వెలుతురులో పరిశీలించు. అరికాలి స్పర్శ తగ్గినవాళ్లకు పుండు పడినా నొప్పి తెలియదు.

కుంపటి విషయంలో మాత్రం నా మాట దాటవద్దు. ఒక ఏడాది పుష్యమాసంలో నేను బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకొని, కిటికీ సందుల్లో గుడ్డలు కూడా కుక్కి పడుకున్నాను. తెల్లవారుజామున తల బద్దలయ్యే నొప్పితో లేచి, గడియ ఎక్కడుందో చేతికి అందక గోడలు తడుముకున్నాను. మూసిన గదిలో రగిలే బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, అది నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. కావాలంటే రెండు దుప్పట్లు ఎక్కువ కప్పు. భోగిమంట దగ్గర కూడా ఆవిడను పొగ వీచే వైపు కూర్చోబెట్టవద్దు, పిల్లలను అందులో టైర్లు వేయనివ్వవద్దు.

ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి కనిపిస్తే వాయువని జీలకర్ర నీళ్లతో సరిపెట్టక వెంటనే 108కి ఫోను చెయ్యి. మంచులో బండి రావడం ఆలస్యం కావచ్చు కనుక, వీధిలో కారున్నవాళ్లకు ఈ రోజే ఒక మాట చెప్పి ఉంచు.

ఇట్లు,
మీ మావయ్య