క్రిస్మస్ పాక కథను బొమ్మల పుస్తకంగా వేసేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ చిత్తుప్రతి చదివాను. చెట్టు, శాంతా తాత, నక్షత్రం, పాక, చారల మిఠాయి కర్ర అన్నీ ఒకే పుస్తకంలో కుక్కావు. అలా చేస్తే పిల్లలకది జనరల్ నాలెడ్జి పాఠమే. మిఠాయి కర్ర వంపు యేసు పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరమనే మాట కొట్టెయ్యి, దానికి ఆధారం లేదు.

ఒక్కటే తీసుకో. నన్నడిగితే పాక. మన చర్చిల్లో ఏటా గడ్డి పరిచి కట్టేదే కనుక పిల్లలకు తెలిసిన వస్తువు. పైగా ఊరూ ఏడూ రాతలో ఉన్నాయి: ఇటలీలోని గ్రెచ్చియో ఊళ్లో, 1223 క్రిస్మస్ రాత్రి, అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి ఈ పాక ఏర్పాటు చేయించాడు. ఆయన 1226లో పోయాక రెండుమూడేళ్లకే ఆయన జీవితకథ రాసిన చెలానో థామస్ దీన్ని రాసిపెట్టాడు. 'ప్రపంచంలో మొదటి పాక' అని మాత్రం రాయకు. చర్చిల్లో క్రీస్తు జనన నాటకాలు అంతకుముందే ఉన్నాయి.

థామస్ చెప్పినవి కొన్నే: పదిహేను రోజుల ముందు జాన్ అనే ఊరి పెద్దకు కబురు, తొట్టి, ఎండుగడ్డి, ఎద్దు, గాడిద, కాగడాలు పట్టుకొచ్చిన జనం. మరియ, యోసేపు వేషాల మాటే లేదు. నక్షత్రం చూసి వచ్చిన జ్ఞానులను అసలు తేకు. మత్తయి సువార్తలో వాళ్లు వచ్చింది ఇంటికి, పాకకు కాదు. ముగ్గురని కూడా లేదు, కానుకలే మూడు. ఎద్దు, గాడిద లూకా సువార్తలో లేవు. పాత నిబంధనలోని యెషయా మొదటి అధ్యాయం నుంచి వచ్చాయి. ఫ్రాన్సిస్‌ను పూజ చేసే గురువుగా గీయించకు, ఆయన డీకన్, అంటే గురువు కింది హోదా. ఆ రాత్రి సువార్త పాడి ప్రసంగించాడు, అంతే. తొట్టిలో బిడ్డ నిద్రపోతున్నట్టు ఒకరికి కనిపించిందంటాడు థామస్. అది దర్శనం కాబట్టి ఆ ఒక్క బొమ్మా రంగు లేకుండా పెన్సిల్ గీతలో ఉంచు.

ఇంకో ముక్క వదలకు. ఫ్రాన్సిస్ 'బేత్లెహేము' అనేటప్పుడు గొర్రె అరిచినట్టు అనేవాడట. ఆ పేజీలో 'బే...ఏ...ఏ' అని పెద్దక్షరాల్లో వేసి, మిగతా మాట పేజీ తిప్పాక పెట్టు. చదివేవాళ్లు ఆగుతారు, పిల్లలు అందుకుంటారు.

ఇక కొలతలు. 32 పేజీలంటే పదహారేసి పేజీల రెండు ఫారాలు. ముందూ వెనకా పోగా కథకు 13 జంట పేజీలు మిగులుతాయి. జంటకు 30 పదాలు, మొత్తం 400 దాటనివ్వకు. అక్షరం 18 పాయింట్లు, వరుసల మధ్య ఎడం బాగా ఇవ్వు. లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడుల్ని తాకుతాయి. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కోతలో పోయే అంచు, ఉంచు. నడిమి మడతకు అటూ ఇటూ సెంటీమీటరు దాకా ముఖాలు రానివ్వకు.

రాత్రి కథ కదా, బొమ్మలన్నీ నలుపు తిరుగుతాయి. స్క్రీన్ మీద మెరిసే ముదురు నీలం మామూలు కాగితం మీద బురదలా దిగుతుంది. దాని మీద తెల్లక్షరాలు వేస్తే సిరా పాకి గుడులు, వత్తులు పూడిపోతాయి. కాగడా వెలుగు పడిన పసుపు మీద నల్లక్షరమే వెయ్యి.

ప్రెస్సుకు వెళ్లేముందు 8 ఏ4 కాగితాలు మడిచి డమ్మీ, అంటే నమూనా పుస్తకం, కుట్టు. ఐదేళ్ల పిల్లాడికి చదివి వినిపించి, వాడు ఎక్కడ ముందుకు తిప్పబోయాడో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ