సర్వర్ మారితే ఫాలోవర్లు వస్తారా?

ప్రశ్న: మారతహళ్లిలో మా తెలుగు పుస్తక బృందానికి మాస్టొడాన్‌లో (ఎవరెవరో నడిపే వేర్వేరు సర్వర్లు కలిసిన సోషల్ మీడియా) ఖాతా ఉంది. మా సర్వర్ వచ్చే నెల మూసేస్తారట. వేరే సర్వర్‌కు వెళ్తే ఫాలోవర్లు, పాత పోస్టులు వస్తాయా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఫాలోవర్లు వస్తారు, పోస్టులు రావండీ. పోస్టుల ఆర్కైవ్‌ను, అంటే అన్నీ కలిపిన కాపీని, ఈరోజే అడగండి. అది 7 రోజులకు ఒక్కసారే ఇస్తారు. దాన్ని దాచుకోవడమే, కొత్త ఖాతాలోకి ఎక్కించలేం.

ముందు కొత్త ఖాతా సెట్టింగ్స్‌లో పాత ఖాతా చిరునామాను అలియాస్‌గా (అదీ మీ ఖాతాయే అని చెప్పే గుర్తుగా) పెట్టండి. ఆ తర్వాతే పాత ఖాతాలోకి వెళ్లి, కొత్త ఖాతా చిరునామా, పాత ఖాతా పాస్‌వర్డ్ ఇచ్చి తరలించండి. అలియాస్ లేకుంటే తరలింపు జరగదు. ఫాలోవర్ల సర్వర్లకు కబురు పంపేది పాత సర్వరే. అది ఆగిపోయిందంటే వాళ్లను మళ్లీ ఒక్కొక్కరిగా వెతుక్కోవాల్సిందే. అందుకే ఆఖరి రోజు దాకా ఆగకండి, దయచేసి.

మీరు ఫాలో అయ్యేవాళ్లు, బ్లాక్ చేసినవాళ్లు, బుక్‌మార్కులు వాటంతటవే రావు. ఎక్స్‌పోర్ట్ పేజీలో ఒక్కోదానికీ సీఎస్‌వీ ఫైలు (జాబితా ఉండే సాదా ఫైలు) దించుకుని కొత్త ఖాతాలో ఇంపోర్ట్ చేయాలి. బ్లాక్ జాబితాను మాత్రం తరలింపుకు ముందే ఎక్కించండి. బృందంలో ఆడవాళ్లను వేధించి బయటికి పోయినవాళ్లు కొత్త గుమ్మంలోకి రాకుండా ఉంటారు.

ఒకసారి తరలించాక 30 రోజుల దాకా మళ్లీ తరలించలేరు. కాబట్టి కొత్త సర్వర్ నియమాలు, ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది ముందే చదవండి.