అధిక ఉష్ణోగ్రత ఆక్సైడ్లలో ఇనుము ఏ ఆక్సీకరణ స్థితిలో ఉందో ఎలా కొలుస్తారు?

నమూనాను ఫర్నేస్ నుంచి తీసిన క్షణంలోనే చల్లబరిచి, ఆర్గాన్ ప్రవాహంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, ఫెర్రస్ (Fe²⁺) ఇనుమును డైక్రోమేట్‌తో టైట్రేట్ చేసి (తెలిసిన గాఢత ఉన్న ద్రావణం ఎంత పడుతుందో చూసి కొలిచి), విడిగా కొలిచిన మొత్తం ఇనుముతో పోలుస్తారు, తేడా ఫెర్రిక్ (Fe³⁺) ఇనుము.

ఇంత హడావిడి ఎందుకంటే, వేడి మీదున్న ఆక్సైడ్‌లో ఫెర్రస్, ఫెర్రిక్ నిష్పత్తి చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను బట్టి మారుతూనే ఉంటుంది. గాలిలో మెల్లగా చల్లారనిస్తే ఫర్నేస్‌లో ఉన్న స్థితి చేజారిపోయినట్టే. గాలిలో మరీ మెత్తగా నూరినా ఫెర్రస్ కొంత పోతుంది, అందుకే అసిటోన్‌లో తడిపి నూరడం మంచిది.

ఉదాహరణకు, 0.2 గ్రాముల శుద్ధ మాగ్నెటైట్‌కు (Fe₃O₄, రెండు రకాల ఇనుమూ ఉన్న ఆక్సైడ్) 0.1 నార్మల్ డైక్రోమేట్ 8.64 మి.లీ. పట్టాలి. ఫాస్ఫారిక్ ఆమ్లం, బేరియం డైఫినైలమీన్ సల్ఫోనేట్ సూచిక వేస్తే, ఆకుపచ్చ ద్రావణం చివరి చుక్కతో చిక్కటి ఊదా రంగుకు తిరుగుతుంది. 8.3 మి.లీ. దగ్గరే తిరిగిందంటే దాదాపు 4 శాతం ఫెర్రస్ ముందే ఆక్సీకరణ చెందింది. లోహ ఇనుము కలిసి ఉంటే మాత్రం రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది.

ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-కిరణాలతో మూలకాలను కొలిచే పద్ధతి) రిపోర్టులో ‘ఫెర్రిక్ ఆక్సైడ్’ అని చూసి ఇనుమంతా ఫెర్రిక్ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మామూలు ఎక్స్‌ఆర్‌ఎఫ్ చెప్పేది మొత్తం ఇనుమునే, ఆ పేరుతో రాయడం ఆనవాయితీ. శుద్ధ మాగ్నెటైట్‌ను అలా లెక్కేస్తే మొత్తం 103.5 శాతం తేలుతుంది.