క్లెయిమ్ పడిందని కంగారు పడకు అల్లుడూ

అల్లుడూ,

రాత్రి పన్నెండు దాటాక, నీ గేమ్ వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ పడిందని స్క్రీన్‌షాట్ పంపి "మామా, యూట్యూబ్ ఛానల్ పోయినట్టేనా" అని అడిగావు. పోలేదు. నీకు పడింది స్ట్రైక్ కాదు, అంటే ఛానల్‌కి పడే శిక్ష కాదు. ఇది కంటెంట్ ఐడీ క్లెయిమ్, అంటే నీ వీడియోలో ఇంకొకరి పాటో బొమ్మో ఉందని యూట్యూబ్ సిస్టమ్ పట్టుకోవడం. దాంతో ఆ వీడియో డబ్బు ఇంకొకరికి పోవచ్చు, ఒక్కోసారి కొన్ని దేశాల్లో కనపడకపోవచ్చు, అంతే. కడప ఏడు రోడ్ల దగ్గర స్టూడియో పెట్టుకుని పెళ్లి వీడియోలు అప్‌లోడ్ చేసుకునే నాకు ఈ క్లెయిములు పొద్దున టిఫిన్ లాంటివి. ఊరేగింపులో డీజే వాడు సినిమా పాట వేస్తాడు, అది మన కెమెరాలో పడుతుంది, సాయంత్రానికి పెళ్లికూతురి అన్న డల్లాస్ నుంచి ఫోన్ చేసి సౌండ్ రావట్లేదంటాడు.

ఇక నీ సంగతి. ఆ క్లెయిమ్ మీద నొక్కి వివరాలు చూశావా? చూసుండవు, మొదట ఎవరూ చూడరు. వీడియోలో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఏ పాట, ఎవరు క్లెయిమ్ చేశారు అన్నీ అక్కడే ఉంటాయి. 5:40 దగ్గర నువ్వు జీటీఏ గేమ్‌లో కారెక్కి రేడియో పెట్టావు, 6:25కి దిగావు. ఆ నలభై అయిదు సెకన్లకి వచ్చింది క్లెయిమ్, అది కూడా గేమ్ కంపెనీ వేసింది కాదు, పాట హక్కులున్న మ్యూజిక్ కంపెనీ వేసింది. గేమ్ తయారుచేసినవాళ్లు ఆ పాటని తమ గేమ్‌లో వాడుకోడానికి డబ్బు కట్టారు. నీ వీడియోలో వాడుకోడానికి ఎవరూ కట్టలేదు కదా. నువ్వు ఆ పాట గురించి ఒక్క ముక్క మాట్లాడింది కూడా లేదు, కాబట్టి విమర్శ అని వాదించి లాభం లేదు. ఆ ముక్క కత్తిరించు, లేదా పాట మాత్రం మ్యూట్ చేసే ఆప్షన్ ఉంది అది వాడు, క్లెయిమ్ పోతుంది. ఇకముందు రేడియో ఆపేసి ఆడు. సైబర్‌పంక్ 2077 లాంటి గేమ్‌లలో అయితే కాపీరైట్ పాటలు ఆపేసే సెట్టింగ్ వాళ్లే పెట్టారు.

ఇదంతా చిన్న విషయం. నేను ఇంత పొడుగు రాయడానికి కారణం వేరే ఉంది. నువ్వు అప్‌లోడ్ చేసే ప్రతి వీడియో రెండింట్లో ఏదో ఒకదాని మీద నిలబడుతుంది, గేమ్ కంపెనీ ఇచ్చిన అనుమతి మీదో, చట్టం నీకిచ్చిన వెసులుబాటు మీదో. ఏది దేని మీద నిలబడిందో తెలియకుండా వీడియోలు పెట్టేవాళ్లకే టెన్షన్ ఎక్కువ.

అనుమతి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే నువ్వు చూసే గేమ్‌ప్లే ఛానళ్లలో చాలా వరకు బతికేది దాని మీదే. మైక్రోసాఫ్ట్, మైన్‌క్రాఫ్ట్ చేసిన మోజాంగ్, నింటెండో, వీళ్లంతా వీడియోల గురించి తమ సైట్లలో నియమాలు రాసి పెట్టారు. నింటెండో ఒకప్పుడు ఎంత పిసినారో చెప్తే నవ్వుతావు. 2015లో ఒక స్కీమ్ పెట్టి, మా గేమ్ వీడియోల మీద వచ్చే యాడ్ డబ్బుల్లో మాకూ వాటా ఇవ్వండి అన్నారు. 2018 చివరికి దాన్ని మూసేసి, నీ సొంత మాటో సొంత పనో కలిపితే పెట్టుకోవచ్చు, ఊరికే ఆట రికార్డు చేసి దించేస్తే మాత్రం ఒప్పుకోం అని మార్చారు. నియమాలు ఇలా మారిపోతుంటాయి కాబట్టి కొత్త గేమ్ మొదలుపెట్టేముందు ఆ పేజీ ఒకసారి చదివి, తేదీతో సహా సేవ్ చేసి పెట్టుకో.

అనుమతితో ఉన్న చిక్కల్లా, ఇచ్చినవాడు వెనక్కి తీసుకోగలడు. 2017 సెప్టెంబర్‌లో ప్యూడీపై అనే పెద్ద యూట్యూబర్ లైవ్‌లో ఆడుతూ ఒక జాతిని తిట్టే మాట వాడాడు. అతను అప్పుడు ఆడుతున్నది వేరే గేమ్. అయినా ఫైర్‌వాచ్ గేమ్ చేసిన కాంపో శాంటో వాళ్లకి ఒళ్లు మండి, మా గేమ్ మీద అతను పాత రోజుల్లో చేసిన వీడియో తీసేయమని కాపీరైట్ నోటీసు పంపారు. ఆ వీడియోలో ఏ తప్పూ లేదు. బూతు మాటకీ కాపీరైట్‌కీ ఏం సంబంధం అని అప్పట్లో పెద్ద గొడవే నడిచింది, నాకైతే ఇప్పటికీ అది సరైన పని అనిపించదు. కానీ నువ్వు కూడా లైవ్‌లో ఓడిపోయినప్పుడు నోరు జారుతుంటావు. గుర్తుపెట్టుకో.

ఇక చట్టం. నీ వీడియో కింద డిస్క్రిప్షన్‌లో "కాపీరైట్ యాక్ట్ 1976, సెక్షన్ 107" అని ఒక పేరా అతికించావు. అది అమెరికా చట్టంరా. అనంతపురం హాస్టల్లో కూర్చుని అమెరికా సెక్షన్ అతికిస్తే రక్షణ ఏమీ రాదు, అమెరికాలో కూర్చుని అతికించినా రాదు. ఫెయిర్ యూజ్, అంటే అనుమతి లేకుండా వాడినా చట్టం ఒప్పుకునే వాడకం, అవునా కాదా అనేది ఆ సెక్షన్ ప్రకారం కోర్టు నాలుగు సంగతులు తూచి చెప్తుంది: దేనికి వాడావు, తీసుకున్నది ఎలాంటి వస్తువు, ఎంత తీసుకున్నావు, దాని వల్ల అసలు వాడి అమ్మకం దెబ్బతిందా. మన దగ్గర ఉన్నది 1957 కాపీరైట్ చట్టం, సెక్షన్ 52. ఇందులో ఏ పనులకి వాడుకోవచ్చో పేర్లు పెట్టి రాశారు: సొంత వాడకం, పరిశోధన, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన విషయాల వార్తలు. నీకు పనికొచ్చేది విమర్శ, సమీక్ష. కేరళ హైకోర్టు 1996లో ఒక నాటకం కేసులో ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, అసలుదానికి పోటీ అవుతుందా అని చూసింది. ఇంకో మెలిక ఉంది, చాలామందికి తెలియదు. ఆ వెసులుబాటు కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి వర్తించదని అదే సెక్షన్‌లో రాసి ఉంది. గేమ్ లోపలి కోడ్ ప్రోగ్రామే. తెర మీద కనపడే బొమ్మ, సంగీతం వేరే రచనలు అని వాదించొచ్చు, కానీ అది నీ తరఫున ఒక లాయర్ వాదించాల్సిన మాట.

ఎంత చూపించాలి అనేదే అసలు ప్రశ్న. 2017లో న్యూయార్క్ కోర్టులో ఒక రియాక్షన్ వీడియో కేసు నడిచింది, అంటే ఇంకొకరి వీడియో చూపిస్తూ దాని మీద మాట్లాడే వీడియో. హెచ్3హెచ్3 ఛానల్ వాళ్లు ఒకతని 5:24 నిడివి వీడియోలోంచి 3:15 దాకా వాడుకున్నారు. సగానికి పైనే కదా? అయినా గెలిచారు. ఎందుకంటే కాస్త చూపించడం, ఆపడం, దాని మీద మాట్లాడటం, మళ్లీ చూపించడం, వీడియో అంతా అలాగే నడిచింది. అదే తీర్పులో జడ్జి, అన్ని రియాక్షన్ వీడియోలూ ఇలా ఉండవు, కొన్ని నలుగురు కలిసి కూర్చుని సినిమా చూసినట్టే ఉంటాయని కూడా రాశారు. రెండో రకానికి ఆ రక్షణ ఉంటుందనుకోకు.

దీన్ని నీ కిందటి వీడియోకి పెట్టి చూడు. చివరి బాస్ ఫైట్, అదే గేమ్‌లో పెద్ద శత్రువుతో పోరు, మొత్తం పెట్టావు. మొదట్లో అరనిమిషం బాగా మాట్లాడావు, ఆ బాస్ కత్తి ఎత్తే ముందు భుజం కదలడం చూసి ఎటు దూకాలో తెలుసుకోవాలి అన్నావు చూడు, అది నిజమైన సమీక్ష, అలాంటిది నాకు ఎక్కడా దొరకలేదు. తర్వాత ఏడెనిమిది నిమిషాలు "అబ్బా", "ఓరి నాయనో", "సచ్చాన్రా". ఓరి నాయనో అనేది విమర్శ కిందికి రాదు అల్లుడూ. ఆ భుజం కదిలే చోట ఆపు, దాని మీద గీత గీసి చూపించు, అదే తప్పు మళ్లీ ఎక్కడ చేశావో ఇంకో ముక్క వెయ్యి. తెర మీద బొమ్మ నీ మాటకి సాక్ష్యంగా ఉండాలి. మాట అయిపోయాక బొమ్మ నడుస్తూనే ఉందంటే కత్తెర అక్కడ పెట్టు.

కథ ఉన్న గేమ్‌లతో ఇంకా జాగ్రత్త. చదువుకుంటూ పోయే కథా గేమ్ అయితే, చివరి దాకా చూపించాక ఎవడైనా ఎందుకు కొంటాడు? జపాన్‌లో స్టెయిన్స్ గేట్ అనే కథల గేమ్ ఒకదాన్ని ముగింపుతో సహా పెట్టి యాడ్ డబ్బు తీసుకున్నవాడికి 2023లో సెండై కోర్టు రెండేళ్ల జైలు శిక్ష వేసి, దాన్ని అయిదేళ్ల పాటు నిలిపి ఉంచింది, పైగా పది లక్షల యెన్ల జరిమానా. మన చట్టంలో కూడా తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు రాసి ఉంది. నిన్ను భయపెట్టడానికి చెప్పట్లేదు, కడపలో గేమ్ వీడియో పెట్టినందుకు ఎవర్నీ లోపలేయడం నేను చూడలేదు. కానీ మా ఫ్రెండ్ అన్నాడు ఏం కాదని, అనే మాట మీద కథంతా అప్‌లోడ్ చెయ్యకు.

పది సెకన్ల లోపు వాడితే పర్లేదు, క్రెడిట్ ఇస్తే పర్లేదు, బొమ్మ తిరగేస్తే దొరకదు, డబ్బు తీసుకోకపోతే కేసు ఉండదు. ఇవన్నీ గాలి మాటలు.

ఎప్పుడైనా నీదే న్యాయం అనిపించే క్లెయిమ్ పడితే అప్పుడు డిస్ప్యూట్ వెయ్యి, అంటే ఆ క్లెయిమ్ తప్పని యూట్యూబ్‌లోనే అభ్యంతరం చెప్పు, భయపడకు. క్లెయిమ్ చేసినవాడికి జవాబివ్వడానికి 30 రోజులుంటాయి. అయిదు రోజుల్లోపు డిస్ప్యూట్ వేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడతారు, అందుకే ఆలస్యం చెయ్యకు. వాడు ఒప్పుకోకుండా టేక్‌డౌన్, అంటే వీడియో తీసేయమనే కాపీరైట్ నోటీసు, పంపితే అప్పుడొస్తుంది స్ట్రైక్. అది 90 రోజులుంటుంది, ఆ లోపల మూడు పడితే ఛానల్ మూతే. స్ట్రైక్ మీద కౌంటర్ నోటిఫికేషన్, అంటే ఆ నోటీసు తప్పని చట్టపరంగా ఇచ్చే జవాబు, వేసేముందు మాత్రం నాకు ఫోన్ చెయ్యి. అందులో నీ అసలు పేరు, చిరునామా రాయాలి, అవి అవతలివాడికి వెళ్తాయి, అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకున్నట్టు కూడా సంతకం పెట్టినట్టవుతుంది. హాస్టల్ రూమ్‌లో అర్ధరాత్రి కోపంలో నింపే ఫారం కాదు అది.

చిన్న కంపెనీల గేమ్‌లైతే నియమాల పేజీ దొరక్కపోవచ్చు. నేరుగా మెయిల్ పెట్టు. నా ఛానల్ ఇది, తెలుగులో సమీక్ష చేస్తా, యాడ్స్ ఉంటాయి, ముగింపు చూపించను అని నాలుగు లైన్లు చాలు. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, వాళ్లకీ తెలుగులో ఎవరో మాట్లాడటం కావాలి. జవాబు వస్తే దాచిపెట్టు.

ఇంకొకటి, నువ్వు రికార్డు చేసే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో నీ మైక్ ఒక ట్రాక్‌లో, గేమ్ సౌండ్ ఇంకో ట్రాక్‌లో రికార్డయ్యేలా పెట్టుకో. ఇప్పుడు రెండూ కలిసిపోతున్నాయి, అందుకే ఆ పాట దగ్గర నీ మాట కూడా తీసెయ్యాల్సి వస్తుందేమోనని ఏడుస్తున్నావు. పండక్కి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, సెట్టింగ్ నేను చేసిస్తా. మీ అత్త కారం దోసెలు పోస్తానంటోంది.

మీ మామ